ఉప్పుగాలి ఊళ్ళో ఎవరి మాట నమ్మాలి?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఫ్రిజ్ కొనాలన్నా, కొత్త సినిమాకి వెళ్ళాలన్నా, చుట్టాలని ఊరు తిప్పి చూపించాలన్నా ముందు ఎవరినో ఒకరిని అడుగుతాం. ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. ఒకరు బ్రహ్మాండం అన్నది ఇంకొకరి ఇంట్లో అక్కరకు రాలేదు. చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఎక్కడ వాడారో, ఏ కాలంలో వాడారో, ఎంతకాలం వాడారో చెప్పలేదు, అంతే. మనమూ అడగలేదు.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తులో ఉంటాం. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఏసీ కొని మూడేళ్ళయింది, రెండో వేసవి నుంచి ఏటా గ్యాస్ నింపించాల్సి వస్తోంది. హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో అదే మోడల్ ఆరేళ్ళుగా ఒక్క రిపేరు లేకుండా నడుస్తోంది. వాడు చెబితేనే కొన్నాం. మోసపోయామా?

లేదండి. మీ తమ్ముడు చెప్పిందీ నిజమే, మీకు జరిగిందీ నిజమే. తేడా అంతా గాలిలో ఉంది.

ముందు గ్యాస్ సంగతి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు పట్టుకోకుండా గ్యాస్ నింపిన ప్రతిసారీ మీ డబ్బు గాలిలో కలుస్తోంది. ఈసారి టెక్నీషియన్ వచ్చినప్పుడు పక్కనే నిలబడి చూడండి. మొదట ఇండోర్, ఔట్‌డోర్ యూనిట్ల దగ్గర ఉండే ఫ్లేర్ నట్లకి సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అక్కడ దొరక్కపోతే లైన్లో నైట్రోజన్ ఎక్కించి, గేజ్ ముల్లు దిగుతోందా లేదా గమనించాలి. లీకు సరిచేశాక వ్యాక్యూమ్ పంపు పెట్టి కనీసం 20 నుంచి 30 నిమిషాలు లోపలి గాలిని, తేమని లాగేయాలి. పంపు ఆపాక కూడా ముల్లు కదలకుండా నిలబడాలి. ఆ తర్వాతే గ్యాస్. అదీ చేతి అంచనాతో కాదు, యూనిట్ పక్కన అతికించిన పట్టీ మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో అంత, త్రాసు మీద సిలిండర్ పెట్టి తూకంతో. మీ పట్టీ మీద ఆర్32 అని ఉంటే అది కొద్దిగా మండే గుణమున్న గ్యాస్. గొట్టాల్లో అది ఉండగా వెల్డింగ్ చేయనివ్వకండి.

ఇక మన ఊరి సమస్య. ఔట్‌డోర్ యూనిట్ వెనక కనిపించే పల్చటి రేకులు అల్యూమినియం, వాటి గుండా పోయే గొట్టం రాగి. ఈ రెండు లోహాల మధ్య ఉప్పుతేమ చేరితే అక్కడ చిన్న బ్యాటరీలాంటిది పుడుతుంది. ముందు అల్యూమినియం కరగడం మొదలవుతుంది. టార్చి వేసి దగ్గరగా చూడండి. రేకుల అంచులు తెల్లటి పొడిగా రాలుతూ, వేలితో తాకితే బిస్కెట్టులా విరిగిపోతుంటే పని మొదలైనట్టే. రేకులు పోతే వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి గొట్టానికే చిల్లు పడుతుంది. హైదరాబాద్ గాలిలో ఈ ఉప్పు లేదు, అందుకే అక్కడ ఆరేళ్ళూ నిశ్చింత.

చేయాల్సింది ఇది. ఔట్‌డోర్ యూనిట్‌ని వీలుంటే సముద్రానికి ఎదురుగా కాక గోడ చాటుకి, ఇంకో వైపుకి మార్పించండి. నెలకోసారి ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే స్విచ్) ఆపేసి, మంచినీళ్ళ గొట్టంతో రేకుల మీద నిటారుగా, మెల్లగా నీళ్ళు కొట్టండి. బండ్లు కడిగే ప్రెషర్ గన్ వాడితే రేకులు వంగిపోతాయి. నీళ్ళు కరెంటు పెట్టె వైపు పోకూడదు. స్టాండు మామూలు ఇనప యాంగిల్‌కి రంగు వేసినదైతే ఎక్కువ కాలం ఆగదు. హాట్ డిప్ గాల్వనైజ్ చేసినది, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేసినది పెట్టించి, బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. షాపుల్లో మామూలుగా ఇచ్చే 304 రకం సముద్రం పక్కన మరకలు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన ఊరు ఇది. స్టాండుని గోడకి ఎన్ని యాంకర్ బోల్టులతో బిగించారో లెక్కపెట్టి చూసుకోవడం చాదస్తమేమీ కాదు.

కొత్తది కొనేటప్పుడు రేకులు నీలం రంగులో ఉన్నాయి కదా అని తృప్తి పడకండి. ఆ పూత ఉప్పునీటి జల్లు పరీక్షలో ఎన్ని గంటలు నిలిచిందో కంపెనీ కాగితం మీద ఉందా అని అడగండి. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని రాసేది 1,600 గంటల వాడకానికి లెక్కకట్టినది, అంటే రోజుకి 8 గంటల చొప్పున 200 రోజులు. మీరు మార్చి నుంచి అక్టోబరు దాకా రాత్రంతా వేస్తే ఆ అంకె దాటిపోతారు. ఇంకో మాట: గదికి కావలసినదానికన్నా పెద్ద ఏసీ పెట్టకండి. అది గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో చెమ్మ లాగేసే వ్యవధి ఉండదు. అప్పుడు చలిగానూ ఉంటుంది, ఒళ్ళు జిగటగానూ ఉంటుంది.

ఎవరి మాట నమ్మాలంటారా? మీ అపార్ట్‌మెంటులో మీ వైపే బాల్కనీ ఉన్న పై ఫ్లాటు, కింది ఫ్లాటు వాళ్ళని అడగండి. ఏ కంపెనీ, ఎన్నేళ్ళు, ఎన్నిసార్లు గ్యాస్, ఎన్నిసార్లు బోర్డు మార్చారు. ఈ నాలుగు ప్రశ్నలకి వాళ్ళిచ్చే జవాబు పక్క రాష్ట్రం వాళ్ళ వంద ప్రశంసల కన్నా విలువైనది.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో అల వచ్చి ఫోను తడిసింది. ఐపీ68 అనే నీటి రక్షణ గుర్తింపు ఉంది కాబట్టి ఏమీ కాదని అందరూ అంటే వదిలేశాను. వారానికి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. సర్వీస్ సెంటర్‌లో వారంటీ వర్తించదన్నారు. ఇదేం న్యాయం? (పెదవాల్తేరు)

ఐపీ68 పరీక్ష చేసేది మంచినీళ్ళలో. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నదులు కలిసే బంగాళాఖాతంలో కొంచెం తక్కువ ఉన్నా ఫోనుకి అది చాలు. ఛార్జింగ్ రంధ్రంలోని సన్నటి పిన్నుల మధ్య ఉప్పునీరు నిలిచి, దాని మీద కరెంటు పారితే పిన్నులు పచ్చబడి తుప్పు తినేస్తుంది. మీరు రోజూ ఛార్జర్ పెట్టిన ప్రతిసారీ అదే జరిగింది. నీటి వల్ల చెడితే వారంటీ ఉండదని చాలా కంపెనీలు కార్డు మీదే రాస్తాయి. లోపల తడి తగిలితే రంగు మారే స్టిక్కరు కూడా ఉంటుంది.

ఇంకోసారి ఇలా అయితే వెంటనే స్విచ్ ఆఫ్ చేయండి. సిమ్ ట్రే తీయకుండా, ఫోనుకి నీటి రక్షణ ఉంటేనే, మంచినీళ్ళతో మెల్లగా కడగండి. ఉప్పు పోవడమే ముఖ్యం. గుడ్డతో తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద తట్టండి. ఫ్యాను గాలికి పెట్టి ఒక రోజు ఛార్జర్ జోలికి వెళ్ళకండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా పిండి రంధ్రంలో చేరుతుంది. హెయిర్ డ్రైయర్ వేడికి లోపలి జిగురు వదులుతుంది. నీటి రక్షణ లేని ఫోనైతే ఆఫ్ చేసి నేరుగా రిపేరు షాపుకి తీసుకెళ్ళి, విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు శుభ్రం చేయమనండి. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. ఒకసారి కింద పడి అద్దం పగిలిన ఫోనుకి, అద్దం మార్పించిన ఫోనుకి ఆ 68 అంకె మీద భరోసా పెట్టుకోవద్దు.

ప్రశ్న: మధురవాడలో అపార్ట్‌మెంట్. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) నీళ్ళు, బోరు నీళ్ళు ఒకే ట్యాంకులో కలుస్తాయి. పక్కింటివాళ్ళు ఆర్‌వో తప్పనిసరి అంటారు, అక్కయ్య వాళ్ళు యూవీ చాలంటారు. ఏది కొనాలి?

కొనే ముందు టీడీఎస్ మీటరు ఒకటి తీసుకోండి, కొన్ని వందల్లో దొరుకుతుంది. నీళ్ళలో కరిగిన లవణాలెన్నో చెబుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే గతి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. 500 లోపే ఉంటే క్రిములని చంపే యూవీ, వాటిని వడకట్టే యూఎఫ్ ఉన్న ఫిల్టరు చాలు, లవణాలు తీసే ఆర్‌వో అక్కర్లేదు.

మీది కలిసిన ట్యాంకు కాబట్టి చిక్కంతా అక్కడ ఉంది. వర్షాకాలంలో కొళాయి నీళ్ళు ఎక్కువ, వేసవిలో బోరు వాటా ఎక్కువ. ఆగస్టులో కొలిస్తే 250 చూపిన ట్యాంకే మేలో 900 చూపించవచ్చు. మీ పక్కింటివాళ్ళు వేసవిలో కొన్నారేమో, మీ అక్కయ్య వాళ్ళది కొళాయి నీళ్ళు మాత్రమే వచ్చే ఇల్లేమో. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి కొలిచి అంకె రాసుకోండి, దాన్ని బట్టి నిర్ణయించండి. మీటరు క్రిముల సంగతి చెప్పదని మాత్రం మరిచిపోకండి. అంకె ఎంత తక్కువున్నా యూవీయో, కాచి చల్లార్చడమో కావాలి.

ఆర్‌వో పెట్టించాక దాన్ని పరీక్షించే పద్ధతి సులువే. వచ్చే నీళ్ళు 800 ఉంటే బయటికొచ్చేవి 80కి అటూ ఇటూ ఉండాలి. 160 దాటుతోందంటే మెంబ్రేన్ (లవణాలని ఆపే పొర) అయిపోయింది, లేదా రుచి కోసమని టీడీఎస్ కంట్రోలర్ అనే మర తిప్పి ముడి నీళ్ళు కలిపేస్తున్నారు. ముందు మరని చూడమనండి, తర్వాతే మెంబ్రేన్ మార్పు. వృథా గొట్టం కింద ఒక బిందె, మంచినీళ్ళ కింద ఒక బిందె పెట్టి పది నిమిషాలు నింపి కొలవండి. ఒక లీటరు మంచినీళ్ళకి మూడు లీటర్లు పోవడం సాధారణం. ఐదారు లీటర్లు పోతుంటే ఫ్లో రిస్ట్రిక్టర్ అనే చిన్న ముక్క పాడైంది. ఆ వృథా నీళ్ళతో ఇల్లు తుడుచుకోవచ్చు, బాత్రూము కడుక్కోవచ్చు. మొక్కలకి రోజూ పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

ప్రశ్న: ఒకే సినిమా. ఒక స్నేహితుడు సౌండ్ అదిరిందన్నాడు, ఇంకొకడు మాటలే వినబడలేదన్నాడు. ఇద్దరూ విశాఖలోనే చూశారు, హాళ్ళు వేరు. సినిమా గురించి చెప్పే అభిప్రాయాల్లో హాలు వాటా ఎంత? (అక్కయ్యపాలెం)

చాలా ఉంది. హాలు పేరే ఊరికి గుర్తయిపోయిన చోటు మనది, జగదాంబ జంక్షన్‌కి ఆ పేరు సినిమా హాలు వల్లే వచ్చింది. అలాంటి ఊళ్ళో ప్రేక్షకులు హాలుని, సినిమాని విడదీసి చెప్పగలగాలి.

మాటల సంగతి చూద్దాం. సినిమాలో సంభాషణ దాదాపు అంతా తెర వెనక నడిమధ్యన ఉండే స్పీకర్‌లోంచే వస్తుంది. అది బలహీనపడితే పాటలు, పోరాటాలు పక్క స్పీకర్లలోంచి దద్దరిల్లుతాయి, మాట మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంటుంది. ఇంకో కారణం శబ్దం స్థాయి. సౌండ్ ప్రాసెసర్ మీద 7 అనే అంకె దగ్గర పెడితే మిక్సింగ్ గదిలో విన్న స్థాయి వస్తుంది. చెవులు పోతున్నాయని ఎవరో అంటే దాన్ని 5కి దించుతారు. దించినప్పుడు బాంబులతో పాటు గుసగుసలూ తగ్గుతాయి. అందుకే ఒక ఆటలో వినబడిన మాట ఇంకో ఆటలో వినబడదు. అట్మాస్ అని పోస్టరు మీద ఉన్నంత మాత్రాన ప్రతి తెర మీదా అది రాదు. 2012లో వచ్చిన ఆ పద్ధతికి పైకప్పులో స్పీకర్లు కావాలి, శబ్దాన్ని 64 స్పీకర్ల దాకా విడివిడిగా పంపగలదు. ఆ ఏర్పాటు లేని హాల్లో అదే సినిమా 7.1, 5.1 అనే మామూలు శబ్ద పద్ధతుల్లో నడుస్తుంది. టికెట్టు తీసేటప్పుడు ఆ తెర పక్కన ఏమని రాసి ఉందో చూడండి.

బొమ్మకీ ఇదే వర్తిస్తుంది. తెర మధ్యన 14 ఫుట్‌లాంబర్టుల (తెర వెలుగుని కొలిచే కొలత) వెలుగు ఉండాలన్నది ప్రమాణం. ప్రొజెక్టరు దీపం పాతబడితే అది తగ్గుతుంది, రాత్రి సన్నివేశాల్లో మనుషులు నీడలైపోతారు. 3డీ కళ్ళజోడు పెట్టుకుంటే కంటికి చేరేది దాదాపు మూడో వంతు, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. 3డీ కోసం వేసిన వెండిపూత తెర మీద మామూలు సినిమా వేస్తే నడుమ వెలుగు మచ్చ, అంచుల్లో మసక. దర్శకుడు కావాలని చీకటిగా తీశాడా, దీపం చావుకొచ్చిందా అన్నది తేల్చుకోవడానికి సినిమాకి ముందు వేసే ప్రకటనలు చూడండి. తెల్లటి బ్యాక్‌గ్రౌండు ఉన్న ప్రకటన కూడా పాలిపోయి పసుపుగా కనిపిస్తే తప్పు హాలుది.

కూర్చునే చోటు: తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో, వరుసకి నడిమధ్యన. చివరి వరుస ఖరీదైనదే అయినా వెనక గోడ స్పీకర్లు నెత్తి మీదే ఉంటాయి. పక్క గోడనానుకున్న సీటులో ఒక చెవికి మాత్రమే సినిమా వినిపిస్తుంది. శబ్దం తేడాగా ఉంటే విశ్రాంతి దాకా ఆగకండి. మొదటి పది నిమిషాల్లోనే బయటికొచ్చి, 'మధ్య స్పీకర్ రావడం లేదు' అని ఆ మాటే చెప్పండి. 'సౌండ్ బాలేదు' అంటే వాల్యూమ్ పెంచి ఊరుకుంటారు.

మీ స్నేహితులు ఈసారి అభిప్రాయం చెప్పేటప్పుడు ఏ తెర, ఏ వరుస, ఏ ఆట అన్నది కూడా చెప్పమనండి. పిల్లలున్న ఇంటికి ఇంకో సమాచారం అవసరం. ఇప్పుడు సెన్సార్ వాళ్ళిచ్చే యూఏ సర్టిఫికెట్లో 7+, 13+, 16+ అని మూడు మెట్లున్నాయి. 'యూఏనే కదా' అని పదేళ్ళవాడిని 16+ సినిమాకి తీసుకెళ్ళకండి.

ప్రశ్న: అమ్మకి 70 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. జలాంతర్గామి మ్యూజియం చూడగలరా? చూసినవాళ్ళు 'చాలా బాగుంది' అంటున్నారే తప్ప మెట్ల సంగతి ఎవరూ చెప్పడం లేదు. (అనకాపల్లి)

ఐఎన్‌ఎస్ కురుసుర 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన నిజమైన జలాంతర్గామి, మ్యూజియం కోసం కట్టిన నమూనా కాదు. పొడవు 91 మీటర్లు. లోపలికి మెట్లెక్కాలి, మళ్ళీ దిగాలి. దారి ఒక్క మనిషి పట్టేంత ఇరుకు, తల వంచాల్సిన చోట్లు ఉంటాయి, వెనక జనం వస్తుంటే ఆగి కాళ్ళకి విశ్రాంతి ఇవ్వడానికి వీలుండదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి, ఊపిరాడని చోటంటే భయపడేవారికి కష్టమే. అమ్మని ఇసుక వైపు నుంచి బయటి ఆకారం చూపించండి, అదే పెద్ద అనుభవం. రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 విమానాన్ని కింద నిలబడే హాయిగా చూడొచ్చు. ఒక్కో ఇంజినుకి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, మొత్తం ఎనిమిది. పిల్లలకి చూపించి లెక్కపెట్టించండి. సోమవారం మ్యూజియానికి సెలవు, ఆదివారం సాయంత్రం రద్దీ.

ప్రశ్న: రాజమండ్రి నుంచి చుట్టాలు వస్తున్నారు. అరకుకి అద్దాల రైలు పెట్టెలో వెళ్ళమని కొందరు, డబ్బు దండగ, కారే నయమని కొందరు. ఏది నిజం? (గాజువాక)

ఏ నెలలో వెళ్ళారో అడిగితే సగం జవాబు దొరుకుతుంది. వానలు పడుతున్న జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్ళినవాళ్ళు కొండల మీంచి జారే నీళ్ళు చూశారు. నవంబరులో వెళ్ళినవాళ్ళు పసుప్పచ్చటి వలిసె పూల పొలాలు చూశారు. ఏప్రిల్‌లో వెళ్ళినవాళ్ళకి పైకప్పు అద్దంలోంచి నెత్తి మీద ఎండ. ముగ్గురూ చెప్పేది ఒకే పెట్టె గురించి.

రైలు పొద్దున ఏడు లోపే విశాఖలో బయలుదేరుతుంది. శృంగవరపుకోట దాటాక అసలు ఘాటు మొదలవుతుంది, పదుల కొద్దీ సొరంగాలు. శిమిలిగుడ దగ్గర పట్టాలు సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి చేరతాయి. అద్దాల పెట్టెలో సీట్లు తిరుగుతాయి కాబట్టి ఏ వైపన్న గొడవ తక్కువ. మామూలు పెట్టెలో అయితే వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ అడగండి, లోయ ఎక్కువగా అటే కనిపిస్తుంది. అద్దంలోంచి ఫొటో తీస్తే మీ చొక్కా ప్రతిబింబం పడుతుంది. ఫోను కటకాన్ని అద్దానికి ఆనించి తీయండి. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. శీతాకాలపు శని, ఆదివారాలకి మొదటి రోజే చూసుకోవాలి.

మా సలహా: వెళ్ళడం రైల్లో, రావడం రోడ్డున. బొర్రా గుహలు చూడాలంటే బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగి, అక్కడి నుంచి బండి మాట్లాడుకుని అరకు చూసి, అనంతగిరి ఘాటు మీదుగా చీకటి పడకముందే దిగి వచ్చేయండి. అరకు దాకా రైల్లో పోయి మళ్ళీ గుహల కోసం వెనక్కి వస్తే రోజంతా ప్రయాణంలోనే పోతుంది. గుహల్లో నేల తడిగా జారుతుంది, నున్నటి అడుగున్న చెప్పులు వేసుకోవద్దు. కడుపులో తిప్పే అలవాటున్నవారు కారులో ముందు సీటు తీసుకోవాలి.

ప్రశ్న: అరకు కాఫీ పొడి అని రెండు చోట్ల కొన్నాం. ఒకటి కమ్మగా ఉంది, రెండోది నల్లగా చేదు. అసలుదేదో ఎలా తెలుస్తుంది? (సీతమ్మధార)

అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున, చెట్ల నీడన గిరిజన రైతులు పండించే పంట అది. దుకాణం బోర్డు మీద అరకు అని ఉండటం వేరు, ప్యాకెట్ మీద వంద శాతం అరబికా అని ఉండటం వేరు. మొదట చూడాల్సింది చికోరీ శాతం. కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. రాయకుండా విడిగా అమ్మే పొడి అయితే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గాజు గ్లాసులో చల్లటి నీళ్ళు తీసుకుని పైన చెంచాడు పొడి చల్లండి. కాఫీ పొడి కాసేపు పైనే తేలుతుంది. చికోరీ వెంటనే మునుగుతూ, నీళ్ళలో గోధుమరంగు తోకలు వదులుతుంది. చూస్తుంటేనే తెలిసిపోతుంది.

చికోరీ తప్పేమీ కాదు, చిక్కటి డికాక్షన్ ఇష్టమైనవాళ్ళకి 20 శాతం కలిపింది బాగుంటుంది. అరబికా ధరకి చికోరీ అమ్మడమే తప్పు. మీ చేదుకి ఇంకో కారణం మరీ మాడ్చి వేయించడమో, సలసల మరుగుతున్న నీళ్ళు పోయడమో కావచ్చు. నీళ్ళు మరిగాక ఒక నిమిషం ఆగి పోయండి. ఫిల్టరులో మూడు పెద్ద చెంచాల పొడికి 120 మిల్లీలీటర్ల నీళ్ళు, పైన చట్రంతో మెల్లగా అదమండి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో దిగాలి. ఐదు నిమిషాల్లో దిగిపోతే పొడి బరక, గంటైనా దిగకపోతే గట్టిగా అదిమారు. మన ఊరి చెమ్మకి పొడి వారంలో వాసన కోల్పోతుంది, వంద గ్రాముల చొప్పునే కొనండి.

ప్రశ్న: ఆన్‌లైన్ రివ్యూల్లో నకిలీవి ఎలా పట్టాలి? నేను రాసేటప్పుడు ఏం రాస్తే ఇతరులకి పనికొస్తుంది? (ఎంవీపీ కాలనీ, విద్యార్థిని)

మొదట తేదీలు చూడమ్మా. రెండు మూడు రోజుల్లో కుప్పగా పడిన ఐదు స్టార్లు, అన్నిట్లో 'సూపర్, పైసా వసూల్' లాంటి మాటలే ఉంటే పక్కన పెట్టు. మూడు స్టార్లు ఇచ్చినవి నిదానంగా చదువు. మంచీ చెడూ రెండూ అక్కడే ఉంటాయి. ఒకే పేజీలో వేర్వేరు మోడళ్ళ రివ్యూలు కలిపేస్తారు. కింద ఏ మోడల్, ఏ రంగు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, నువ్వు కొనేది అదేనా చూసుకో. డబ్బాలో 'ఐదు స్టార్లు ఇస్తే వంద రూపాయలు' అని చీటీ వస్తే ఆ వస్తువుకి వచ్చిన స్టార్లన్నీ అనుమానించాల్సిందే. ఆన్‌లైన్ రివ్యూల సేకరణకి, ప్రచురణకి 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసేవారు నిజమైన వినియోగదారులేనా అని సరిచూడాలనేది దాని సారం.

నువ్వు రాసేటప్పుడు, కొన్న మొదటి రోజు రాయకు. నెల వాడాక రాయి, ఆరు నెలలకి మళ్ళీ దిద్దు. 'బ్యాటరీ బాగుంది' అనకు. 'పొద్దున ఏడింటికి నిండా ఎక్కిస్తే రాత్రి తొమ్మిదికి 30 శాతం ఉంది, రెండు గంటలు వీడియోలు చూశాను' అను. విశాఖ అని తప్పకుండా రాయి, సముద్రానికి ఎంత దూరమో రాయి. తుప్పు పడితే ఎన్నో నెలలో, ఏ స్క్రూ దగ్గరో ఫొటోతో చూపించు. డెలివరీ ఆలస్యమైన కోపం వస్తువు రివ్యూలో రాయకు, అది అమ్మకందారు రివ్యూలో రాయాలి. సర్వీసుకి వచ్చిన కుర్రాడి పేరు, ఫోను నంబరు మాత్రం ఎక్కడా పెట్టొద్దు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీ జారు పగిలి వచ్చింది. అమ్మినవాడు బెంగళూరులో ఉన్నాడు, 'మీ చేతిలోనే పగిలింది' అంటున్నాడు. ఒక స్టార్ ఇచ్చి తిట్టి రాశాను, ఫలితం లేదు. కేసు వేయాలంటే బెంగళూరు వెళ్ళాలా? (మర్రిపాలెం)

అక్కర్లేదండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే, అంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ళ గడువు.

దానికి ముందు చేయాల్సినవి ఉన్నాయి. మీరు కొన్న వెబ్‌సైటులో ఫిర్యాదుల అధికారి వివరాలు ఉండి తీరాలి. ఆయనకి ఈమెయిల్ పెట్టండి. ఆర్డరు నంబరు, వచ్చిన తేదీ, పగులు ఎక్కడుందో, మీకు కావలసింది కొత్త జారా, డబ్బు వాపసా అన్నది నాలుగు వాక్యాల్లో. తిట్టు ఒక్కటీ వద్దు. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. అదీ జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్ళిచ్చే ఫిర్యాదు సంఖ్య రాసిపెట్టుకోండి. చాలావరకు చిన్న వస్తువుల తగాదాలకి ఇదే మంచి దారి.

మీ దగ్గర డబ్బా ఇంకా ఉంటే పారేయకండి. లోపలి థర్మోకోల్ నలిగి ఉంటే, డబ్బా మూల లోపలికి దిగి ఉంటే ఆ ఫొటోలే మీ సాక్ష్యం. ఇకమీదట గాజుదో, ప్లాస్టిక్‌దో వస్తువు వచ్చినప్పుడు డబ్బా మీది చిరునామా పట్టీతో మొదలుపెట్టి, టేపు కోయడం నుంచి వస్తువు బయటికి తీసేదాకా మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయండి. ఆపి మళ్ళీ తీసినదాన్ని వాళ్ళు ఒప్పుకోరు. మీరు రాసిన ఆ ఒక స్టార్ రివ్యూని కూడా దిద్దండి: తిట్లు తీసేసి, ఏ తేదీన ఏ ముక్క ఎలా పగిలి వచ్చిందో ఫొటోతో పెట్టండి. తర్వాత అదే జారు కొనబోయేవారికి అదే కావాలి.